తక్కెడలో ఎవరు, ముల్లు దగ్గర ఎవరు?

2020 నుంచి ఇప్పటి వరకు కరోనా కాలాన్ని వస్తువుగా తీసుకుని తెలుగులో వచ్చిన కథలూ, కవితలూ నేను చాలానే చదివాను. సంఖ్యకు కొదవ లేదు. ఆర్ద్రతకూ కొదవ లేదు. కాని ఆ రచనల్లో ఎక్కువ భాగం ఆ కాలపు అసలు ప్రశ్నను ముట్టుకోకుండా పక్కనుంచి నడిచిపోయాయి. ఆ ప్రశ్న ఇది: ప్రజల ప్రాణాలు కాపాడటానికి ప్రజల పని ఆపాలని ఒక ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, ఆ నిర్ణయపు మంచిచెడ్డలను దేనితో తూచాలి?

ఈ మధ్య ఒక సాహిత్య పాఠశాలలో ఒక విద్యార్థి నన్ను సూటిగానే అడిగాడు. "సార్, ఆ లాక్‌డౌన్ సరైనదా, కాదా? ఒక్క మాటలో చెప్పండి." ఒక్క మాటలో చెప్పడం కష్టం కాదు. మన మిత్రుల్లో కొందరు చెప్పారు కూడా. "అది విజ్ఞానశాస్త్రం చెప్పిన మార్గం, కనుక సరైనదే" అన్నవారున్నారు. "అది రాజ్యం ప్రజల మీద జరిపిన దాడి, కనుక తప్పే" అన్నవారున్నారు. ఈ రెండు సమాధానాలలోనూ ప్రజలు కనిపించరు. మొదటిదానిలో ప్రజలు వైరస్‌ను మోసే శరీరాలు. రెండోదానిలో ప్రజలు లాఠీ దెబ్బలు తినే శరీరాలు. తిండి తినవలసిన, అద్దె కట్టవలసిన, పిల్లల్ని చదివించవలసిన, జబ్బు పడితే ఆసుపత్రిలో మంచం దొరకవలసిన మనుషులుగా వారు ఈ రెండు చోట్లా లేరు. అందుచేత ప్రశ్నను ముక్కలు చేసి చూడటం అవసరమని నా అభిప్రాయం.

సాహిత్య విద్యార్థులకు ఈ సమస్య కొత్తది కాదు. ఇబ్సెన్ 1882లో రాసిన 'ప్రజాశత్రువు' నాటకం నిలిచింది దీని మీదనే. ఒక చిన్న పట్టణం తన స్నానశాలల మీద బతుకుతుంటుంది. జబ్బు మనుషులు ఆరోగ్యం కోసం అక్కడికి వస్తారు, ఊరికి డబ్బు వస్తుంది. ఆ నీళ్లు కలుషితమయ్యాయని డాక్టర్ స్టాక్‌మన్ కనిపెడతాడు. స్నానశాలలు మూసి గొట్టాలన్నీ మార్చాలంటాడు. పట్టణాధ్యక్షుడు స్వయానా ఆయన అన్నే. మరమ్మతుకు భారీ ఖర్చవుతుందనీ, కనీసం రెండేళ్లు మూయవలసి వస్తుందనీ, ఊరు దివాలా తీస్తుందనీ ఆయన వాదిస్తాడు. మొదట డాక్టరు పక్షాన నిలిచిన పత్రికవాళ్లూ, చిన్న ఇళ్ల యజమానుల సంఘమూ చివరికి ఎదురు తిరుగుతారు. డాక్టరు ప్రజాశత్రువవుతాడు. ఈ కథనే సత్యజిత్ రాయ్ 1989లో 'గణశత్రు'గా తీస్తూ స్నానశాల స్థానంలో ఒక గుడి తీర్థాన్ని పెట్టాడు.

ఈ నాటకాన్ని సాధారణంగా సత్యం పలికే ఒంటరి మనిషికీ, మందమతి అయిన మందకూ మధ్య ఘర్షణగా బోధిస్తారు. ఇబ్సెన్ ముగింపు కూడా అటే మొగ్గుతుంది. కాని మూడో అంకంలో ఒక చిన్న సంభాషణ ఉంది. దాన్ని మన పాఠాలు గుర్తించవు. మరమ్మతు ఖర్చు స్నానశాలల యజమానులు భరించలేరనీ, పురపాలక సంఘం అప్పు చేసి ఊరి జనం దగ్గర వసూలు చేయవలసిందేననీ పట్టణాధ్యక్షుడు చెబుతాడు. పత్రికవాళ్ల మనసు మారేది ఆ క్షణంలోనే. నీళ్లలో విషం లేదని వారికి నమ్మకం కలగలేదు. ఆ విషాన్ని తొలగించే ఖర్చు తమ నెత్తిన పడుతుందని తెలిసింది, అంతే. ఆ ఖర్చు యజమానుల మీద పడి ఉంటే ఊరు డాక్టరును ఎత్తుకు ఊరేగించి ఉండేదేమో! ప్రజారోగ్యానికీ ఆర్థిక నష్టానికీ మధ్య పోటీ అని మనం అనుకునేది చాలా సందర్భాలలో ఖర్చు ఎవరు భరించాలన్న పోటీయే. అది మూఢత్వానికీ జ్ఞానానికీ మధ్య పోటీగా వేషం వేసుకుని రంగం మీదికి వస్తుంది. మన 2020ని చదవడానికి ఈ దృశ్యాన్ని తాళంచెవిగా వాడుకోవచ్చు.

అయితే ముందుగా తూకం వేసేవారి పద్ధతి తెలుసుకోవాలి. తెలియకుండా తిట్టడం మన విమర్శకు బలం ఇవ్వదు.

ఆర్థికశాస్త్రంలో 'గణాంక ప్రాణం విలువ' అనే భావన ఉంది. ఒక ఊళ్లో లక్షమంది ఉన్నారనుకుందాం. ఏదో ఒక ప్రమాదం వల్ల ఏటా వారిలో ఒకరు చనిపోతున్నారు. ఎవరు పోతారో ముందుగా తెలియదు. ఆ ప్రమాదాన్ని తొలగించడానికి తలా ఎంత ఇస్తారని అడిగితే సగటున వెయ్యి రూపాయలన్నారనుకుందాం. లక్షమంది ఇచ్చేది 10 కోట్లు. దానితో నిలిచేది ఒక ప్రాణం. కనుక ఆ ఊళ్లో ఒక ప్రాణం విలువ 10 కోట్లు. ప్రమాదకరమైన పనులకు ఎంత ఎక్కువ కూలి ఇస్తున్నారో చూసి కూడా ఈ లెక్క కడతారు. అమెరికాలో రోడ్డు భద్రత, కాలుష్య నియంత్రణ వంటి నిబంధనలకు ప్రభుత్వ శాఖలు దాదాపు కోటి డాలర్ల లెక్క వాడుతూ వచ్చాయి. బ్రిటన్‌లో ఇంకో పద్ధతి. పూర్తి ఆరోగ్యంతో గడిచే ఒక సంవత్సరాన్ని కొలమానంగా తీసుకుని, అలాంటి ఒక సంవత్సరాన్ని ఇచ్చే మందుకు 20 నుంచి 30 వేల పౌండ్ల వరకు ఖర్చు పెట్టవచ్చని వారి ఆరోగ్య సేవ చాలా ఏళ్లపాటు హద్దు పెట్టుకుంది.

"ప్రాణానికి వెల కడతారా?" అని మనకు ఒళ్లు మండుతుంది. మండటం సహజమే. కాని ఒక జిల్లాకు ఆరోగ్యం కింద వచ్చిన డబ్బును మూత్రపిండాల రోగులకు ఖర్చు పెట్టాలా, కాన్పుల ఆసుపత్రులకు ఖర్చు పెట్టాలా అని ఎవరో ఒకరు నిర్ణయించక తప్పదు. నేను తూచను అన్నవాడు కూడా తూస్తూనే ఉంటాడు, కాకపోతే చీకట్లో తూస్తాడు. లెక్క వేయడమే నేరమని నేను అనను. లెక్కలో వాడే రాళ్లను పరీక్షించాలి.

పరీక్షించి చూస్తే దొంగ రాయి ఎక్కడుందో తెలుస్తుంది. పైన చెప్పిన ఊళ్లోనే లక్షమందీ దినకూలీలనుకోండి. వెయ్యి రూపాయలు ఇవ్వాలని వారికీ ఉంటుంది. ఇవ్వగలిగేది ఇరవై రూపాయలు. అప్పుడు అక్కడ ప్రాణం విలువ 20 లక్షలకు పడిపోతుంది. ప్రాణం మీది తీపి తగ్గలేదు, జేబు మాత్రమే చిన్నదయింది. లెక్క మాత్రం ఆ రెంటినీ వేరుగా చూడలేదు. ఈ తర్కాన్ని దాని చివరిదాకా లాగితే ఎక్కడికి పోతామో 1991 డిసెంబరులో ప్రపంచ బ్యాంకులో లారెన్స్ సమర్స్ సంతకంతో తిరిగిన ఒక అంతర్గత పత్రం చూపించింది. కూలిరేట్లు అన్నిటికంటే తక్కువగా ఉన్న దేశంలో విషపు చెత్త పారబోయడం ఆర్థిక తర్కానికి సరిపోతుందని దాని సారాంశం. అది వ్యంగ్యంగా రాసిందేనని తర్వాత సమర్థించుకున్నారు. వ్యంగ్యమే కావచ్చు. దాని తర్కంలో మాత్రం అంకెల తప్పు లేదు. తప్పు రాళ్లలో ఉంది.

2020 ఏప్రిల్‌లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు ఆర్థికవేత్తలు ఇదే పద్ధతితో ఒక వాదం చేశారు. పేద దేశాలలో వృద్ధుల సంఖ్య తక్కువ. ఆసుపత్రి మంచాలు ఎలాగూ లేవు, కనుక వ్యాధి వేగాన్ని తగ్గించినా ఆసుపత్రులలో నిలిచే ప్రాణాలు తక్కువ. పని పోతే తిండి పోతుంది. కనుక ధనిక దేశాల లాక్‌డౌన్‌ను పేద దేశాలు గుడ్డిగా అనుకరించరాదు. ఈ వాదంలో నిజం ఉంది. ఆకలి కూడా చంపుతుందని అది గుర్తు చేసింది. దాన్ని గుర్తు చేయవలసిన పని అభ్యుదయ రచయితలది. కాని అదే వాదంలో ఆసుపత్రి మంచాలు లేకపోవడం ప్రకృతి ధర్మంలాగా, కొండ ఉన్నట్టు, నది ఉన్నట్టు స్థిరమైన వాస్తవమైపోయింది. దశాబ్దాలపాటు ప్రజారోగ్యానికి నిధులివ్వని రాజకీయ నిర్ణయం చివరికి ప్రాణాలు కాపాడనక్కర్లేదనడానికి సాక్ష్యంగా నిలబడింది.

ఇక రెండో పళ్లెం చూద్దాం. పని ఆపితే నష్టం, ఆపకపోతే లాభం అన్న ఊహలో ఒక లోపం ఉంది. వ్యాధికి తనదైన ఆర్థిక ఫలితాలుంటాయి. నాలుగు రోజులకొకసారి రెట్టింపయ్యే వ్యాధి 500 మందితో మొదలైతే నలభై రోజుల్లో పదిసార్లు రెట్టింపై 5,12,000 మందికి చేరుతుంది. అలా పెరిగేదాన్ని చూస్తూ జనం బజారుకు రారు. అమెరికాలో 2020 తొలి నెలల్లో ఫోన్ల కదలికలను బట్టి ఆస్టన్ గూల్స్‌బీ, చాడ్ సివర్సన్ అనే ఆర్థికవేత్తలు లెక్క తీశారు. దుకాణాలకు జనం రాక 60 శాతం తగ్గింది. అందులో ప్రభుత్వ ఉత్తర్వుల వల్ల తగ్గినది 7 శాతం పాయింట్లే. మిగిలినదంతా చాలావరకు భయం చేసిన మూసివేత. రైళ్లు, బస్సులు, కర్మాగారాలు ఒక్క ఉత్తర్వుతో ఆగిపోయిన మన దేశానికి ఈ అంకెను అలాగే అతికించలేం. కాని "లాక్‌డౌన్ లేకుంటే అంతా మామూలుగా ఉండేది" అనే మాటకు ఆధారం లేదని ఇది చెబుతుంది.

స్వీడన్ ఉదాహరణను ఇరుపక్షాలూ వాడుకుంటాయి. అక్కడ 2020లో సార్వత్రిక మూసివేత లేదు. అయినా ఆ ఏడాది వారి ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. 2020 చివరకు జనాభాతో పోల్చి చూస్తే అక్కడి కోవిడ్ మరణాలు పొరుగున ఉన్న నార్వే, ఫిన్లాండుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 2020-22 మూడేళ్ల అదనపు మరణాలను కలిపి చూస్తే స్వీడన్ యూరప్‌లో తక్కువ నష్టపోయిన దేశాలలో ఒకటి. ఏ ఏడు దగ్గర లెక్క ఆపితే ఆ వాదం గెలుస్తుంది. కాని ఎవరూ పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. జబ్బు సెలవు తొలి రోజుకు అక్కడ జీతం కోత ఉండేది. 2020 మార్చిలోనే ప్రభుత్వం ఆ భారాన్ని తాత్కాలికంగా తానే భరించింది. జలుబు చేసిన కార్మికుడు కూలి పోతుందన్న భయం లేకుండా ఇంట్లో ఉండగలిగాడు. ఉత్తర్వు లేకపోయినా జనం ఇంట్లో ఉన్నారంటే అది సంస్కృతి మహిమ మాత్రమే కాదు. ఆ రోజు కూలి ఎవరో ఇచ్చారు.

ఈ సూత్రం ఆధునికులు కనిపెట్టిందేమీ కాదు. 1631 జనవరిలో ప్లేగు భయంతో ఫ్లారెన్స్ నగరం తన ప్రజలను నలభై రోజులు ఇళ్లలో ఉంచింది. ముప్ఫై వేలకు పైగా పేదలకు నగర ఆరోగ్య మండలి రొట్టె, ద్రాక్షసారాయి, మాంసం ఇళ్లకు పంపింది. ఆ పాలకులు దయామయులేమీ కారు. నియమం మీరిన వారిని శిక్షించారు. కాని తిండి పెట్టకుండా తలుపు మూస్తే ఆ తలుపు నిలవదని వారికి తెలుసు. డేనియల్ డెఫో 1722లో రాసిన 'ప్లేగు సంవత్సరపు దినచర్య'లో కూడా 1665 లండన్‌లో పని పోయిన వృత్తులవారి వివరం వరసగా ఉంటుంది: చేతిపనులవారు, నావికులు, ఇళ్లు కట్టేవారు, పనిమనుషులు. ఇది నవల. అయినా పని పోవడాన్ని రోగ లక్షణమంత శ్రద్ధగా నమోదు చేసింది. మన కరోనా కథల్లో ఇంత వివరమైన పట్టిక ఎన్నింటిలో ఉంది?

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని ప్రకటించారు. నాలుగు గంటల తర్వాత 130 కోట్లకు పైబడిన జనం 21 రోజుల పాటు ఇళ్లలో ఉండాలి. అప్పటికి దేశంలో నమోదైన కేసులు కొన్ని వందలు. ప్రాణముంటేనే ప్రపంచం అన్నది ఆనాటి నినాదం. ఏప్రిల్ 11 నాటికి ప్రాణమూ కావాలి, ప్రపంచమూ కావాలి అన్నారు. నినాదం మారడానికి రెండు వారాలకు కాస్త పైన పట్టింది. ఈ మధ్యకాలంలో లోకం లేని ప్రాణాలు కొన్ని రహదారుల మీద నడుస్తున్నాయి.

పనిచేసేవారిలో పదింట తొమ్మిది మందికి దగ్గరగా అసంఘటిత రంగంలో ఉన్న దేశం మనది. రెక్కాడితే గాని డొక్కాడదన్న సామెత మనకు అలంకారం కాదు, అర్థశాస్త్రం. మార్చి 26న ప్రకటించిన 1.7 లక్షల కోట్ల పథకంలో మనిషికి నెలకు అదనంగా 5 కిలోల ధాన్యం, జనధన్ ఖాతాలున్న స్త్రీలకు మూడు నెలలపాటు నెలకు 500 రూపాయలు ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం తెల్లకార్డు ఉన్నవారికి మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. వలస కూలీకి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు. ఈ సహాయం వృథా అని నేననను. ఆ బియ్యం ఎన్నో పొయ్యిలు వెలిగించింది. కాని ఆ రెండు అంకెల మధ్య తేడా చూడండి. బీహారు నుంచో ఒడిశా నుంచో వచ్చి మన భవనాలు కట్టినవాడికి మన కార్డు లేదు. ఆకలి ఒక్కటే అయినా కార్డును బట్టి దాని ధర మారింది.

మార్చి 29న కేంద్ర హోంశాఖ కూలీల వేతనం కోయరాదని, ఇంటి యజమానులు నెల రోజులు అద్దె అడగరాదని ఉత్తర్వు ఇచ్చింది. చిన్న యజమాని ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వాలో చెప్పలేదు. మే మధ్యలో ఆ వేతనాల ఉత్తర్వు రద్దయింది. యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దనీ, యజమానులూ కార్మికులూ చర్చించుకోవాలనీ జూన్ 12న సుప్రీంకోర్టు చెప్పింది. అదే మే నెలలో చాలా కార్మిక చట్టాలను మూడేళ్లు పక్కన పెట్టే ఆర్డినెన్సును ఉత్తరప్రదేశ్ మంత్రివర్గం ఆమోదించింది. ఖర్చు రాజ్యం నుంచి యజమాని మీదికి, యజమాని నుంచి కూలి మీదికి మెట్లు దిగి వచ్చిన క్రమం ఇది. ఇబ్సెన్ పట్టణాధ్యక్షుడికి ఈ క్రమం కొత్తగా అనిపించదు.

ఆరోగ్యం దృష్టితో చూసినా ఈ క్రమం హేతుబద్ధంగా లేదు. వ్యాధి కొన్ని వందల మందికే సోకి ఉన్నప్పుడు కూలీలను కదలనివ్వలేదు. ఇరుకు గదుల్లో, శిబిరాల్లో అయిదు వారాలు ఉంచారు. మే 1న హైదరాబాదు శివారు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు 1,200 మంది కూలీలతో మొదటి శ్రామిక రైలు బయలుదేరింది. ఆ రోజుకు దేశంలో కేసులు 35 వేలు దాటాయి. గుజరాత్‌లోని వేరావల్ రేవులో చిక్కుపడిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేల సంఖ్యలో బస్సులెక్కి ఇళ్లకు బయలుదేరింది కూడా ఏప్రిల్ చివర్లోనే. నాలుగు రోజుల గడువిచ్చి రైళ్లు నడిపి ఉంటే వ్యాధి తక్కువగా ఉన్నప్పుడే వారు ఊళ్లు చేరేవారు. రైళ్లు నడిపితే రోగం ఊళ్లకు పాకుతుందన్న భయం న్యాయమైనదే. కాని అయిదు వారాల తర్వాత నడిపినప్పుడు ఆ భయం పెరగాలి గాని తగ్గదు. రైలుపట్టాల మీద నడిచి అలసి నిద్రపోయిన పదహారు మంది కూలీల మీదుగా మే 8న ఔరంగాబాద్ దగ్గర గూడ్సు రైలు వెళ్లింది. అక్కడ ఆరోగ్యమూ దక్కలేదు, ఆర్థికమూ దక్కలేదు. ఈ రెండింటిలో ఒకటి పొందాలంటే ఇంకొకటి వదులుకోవాలన్న సిద్ధాంతానికి ఆ పట్టాల మీద చోటు లేదు.

2020 ఏప్రిల్ - జూన్ త్రైమాసికంలో దేశ స్థూల ఉత్పత్తి 23.9 శాతం పడిపోయిందని తొలి అంచనా. ఏప్రిల్‌లో పన్నెండు కోట్లకు పైగా జీవనోపాధులు పోయాయని సి.ఎం.ఐ.ఇ. సంస్థ లెక్కగట్టింది. ఇంత వెల పెట్టి కొన్నది ఏమిటి? లాక్‌డౌన్ వ్యాధిని నయం చేయదు. అది కాలాన్ని కొంటుంది. కొన్న కాలంలో పరీక్షలు పెంచాలి, మంచాలు వేయాలి, ఆక్సిజన్ ఏర్పాటు చేయాలి, నర్సులను నియమించాలి. తొలి నెలల్లో కొంత జరిగింది. రక్షణ దుస్తులు, పరీక్షా కేంద్రాలు పెరిగాయి. కాని 2021 ఏప్రిల్, మే నెలల్లో ఢిల్లీ నుంచి తిరుపతి దాకా ఆక్సిజన్ అందక మనుషులు పోయినప్పుడు, కూలీలు వెల చెల్లించి కొన్న కాలంలో ఎంత భాగం సద్వినియోగమైందో బయటపడింది. 2020-21 రెండేళ్లలో భారతదేశపు అదనపు మరణాలు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. అధికారిక సంఖ్య అప్పటికి 4.8 లక్షలు. అంచనా పద్ధతి తప్పని భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. పద్ధతి మీద వాదన ఉండవచ్చు. మన మరణాల నమోదు అంత పెద్ద వాదనకు చోటిచ్చేంత బలహీనంగా ఉందన్నది మాత్రం వాదనకు అతీతం.

లెక్కించడమన్నది ఇక్కడ మూల విషయం. వలస కూలీల మరణాల సమాచారం తమ వద్ద లేదని 2020 సెప్టెంబరులో కార్మిక శాఖ పార్లమెంటుకు చెప్పింది. కోటి మందికి పైగా ఊళ్లకు తిరిగి వెళ్లారని మాత్రం చెప్పింది. వెళ్లినవారి లెక్క ఉంది, చేరనివారి లెక్క లేదు. లెక్కలోకి రాని ప్రాణం ఏ పళ్లెంలోనూ బరువు చూపదు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో బొంబాయి నగరపు మరణాలను ఆనాటి ప్రభుత్వమే కులాల వారీగా, మతాల వారీగా నమోదు చేసింది. యూరోపియన్లలో వెయ్యికి 8.3 మంది, 'నిమ్న కులాలు' అని రాసిన హిందువులలో వెయ్యికి 61.6 మంది. కనీసం ఆ పట్టిక ఉంది కనుక, వైరస్ ఒకటే అయినా ఇరుకు గదులూ, అర్ధాకలీ కలిసి మరణాన్ని ఏడు రెట్లు చేశాయని నూరేళ్ల తర్వాత మనం చెప్పగలుగుతున్నాం. మన కాలానికి అలాంటి పట్టిక ఎవరు రాశారు?

నష్టాల జాబితాలో బడి చివర ఉంటుంది. మన వంటివారు దాన్ని ముందు పెట్టాలి. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2021లో అయిదు రాష్ట్రాలలో 16 వేల మంది పిల్లలను పరిశీలించింది. నూటికి 92 మంది భాషలో అంతకు ముందు వచ్చిన ఏదో ఒక నైపుణ్యాన్ని కోల్పోయారు. బొమ్మ చూసి చెప్పడం, చదివింది అర్థం చేసుకోవడం, సొంతంగా నాలుగు వాక్యాలు రాయడం వంటివి. బార్లు తెరిచిన చాలా నెలలకు గాని బడులు తెరవలేదు. మద్యం ఖజానాకు ఆదాయం తెస్తుంది. బడి తెచ్చే ఆదాయం ఇరవై ఏళ్ల తర్వాత గాని రాదు. తూకంలో కాలానికి కూడా ఒక రాయి ఉందని, అది ఎప్పుడూ ఇవాళ్టి వైపే మొగ్గుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి భారం వేరే విధంగా పంచడం సాధ్యమేనా? కొంతవరకు సాధ్యమని అప్పటి అనుభవమే చెప్పింది. దేశవ్యాప్త లాక్‌డౌన్‌కు ముందే, మార్చి 19న కేరళ ప్రభుత్వం 20 వేల కోట్ల పథకం ప్రకటించి, తర్వాత పంచాయతీల ద్వారా సాముదాయిక వంటశాలలు నడిపింది. 2021లో అక్కడ కూడా కేసులు బాగా పెరిగాయి, కనుక దాన్ని స్వర్గంగా చిత్రించనవసరం లేదు. ఉపాధి హామీ పథకం 2020-21లో 7.5 కోట్లకు పైగా కుటుంబాలకు పని ఇచ్చింది. నగరం గెంటివేసిన చేతులకు గ్రామం గడ్డపార ఇచ్చింది. గడచిన కాలంలో పోరాడి సాధించుకున్న చట్టం కష్టకాలంలో బువ్వ పెట్టింది. ఆ చట్టమే లేకుంటే ఏం జరిగేదో ఊహించండి.

ఇంత చెప్పాక ఆ విద్యార్థి ప్రశ్నకు నా సమాధానం ఇది. అంటువ్యాధి పాకుతున్నప్పుడు జనం కదలికలను కొంతకాలం ఆపడం దానంతట అదే ప్రజావ్యతిరేకం కాదు. 1897 నాటి వలస పాలకుల అంటువ్యాధుల చట్టాన్నే 2020లో కూడా బయటికి తీశారన్న కారణంతో ప్రతి నియంత్రణనూ అణచివేతగా కొట్టిపారేస్తే, రోగం ముందుగా తినేది మురికివాడనే. కాని ఆపే అధికారం తీసుకున్నవాడు ఆగిన ప్రతి రోజు కూలికీ బాధ్యుడు. గడువు ఎంత ఇచ్చారు, తిండి ఎవరికి చేరింది, కొన్న కాలాన్ని దేనికి వాడారు, పోయినవారిని లెక్కించారా, నిర్ణయం తీసుకున్న గదిలో నష్టపోయేవారి మనిషి ఒక్కడైనా ఉన్నాడా అన్న ఈ అయిదు ప్రశ్నలకు వచ్చే జవాబులే ఒక లాక్‌డౌన్ న్యాయాన్యాయాలు. 2020 నాటి మన లాక్‌డౌన్ ఈ పరీక్షలో ఎక్కువ ప్రశ్నలకు తప్పింది. లాక్‌డౌన్ అనే పద్ధతే తప్పిందనుకుంటే రేపటి మహమ్మారిలో మనం రెండోసారి మోసపోతాం.

రచయితల విషయానికి వస్తే, కరోనా సాహిత్యంలో మూడు పడికట్టు భావాలు నాకు తరచు ఎదురయ్యాయి. వైరస్ రాజునూ పేదనూ సమానం చేసిందన్నది ఒకటి. బొంబాయి పట్టిక దాన్ని నూరేళ్ల కిందటే తోసిపుచ్చింది. మనిషి అత్యాశకు ప్రకృతి పగ తీర్చుకుందన్నది రెండోది. ఏ మనిషి అత్యాశ, ఎవరి మీద పగ అని అడిగితే ఆ కవిత నిలవదు. మూడోది మన అభ్యుదయ కవులకు ఇష్టమైనది: నెత్తురోడే పాదాలు. ఆ పాదాలను చూసి కన్నీరు కార్చిన కవితలు ఎన్నో ఉన్నాయి. ఆ పాదాలకు రావలసిన రెండు వారాల బాకీ కూలి ఎవరి దగ్గర ఆగిపోయిందని అడిగిన కవిత కోసం వెతుక్కోవలసి వచ్చింది. కరుణ చెడ్డదని నా ఉద్దేశం కాదు. పాదం మాత్రమే కనబడి, మేస్త్రీ, గుత్తేదారు, బిల్డరు, ఉత్తర్వు కనబడకపోతే ఆ కరుణ వలస కూలీని ఒక దృశ్యంగా మార్చి వదిలేస్తుంది.

కనుక ఈ వస్తువు మీద రాయబోయే యువ రచయితలకు నా సూచన చిన్నది. మీ ఊళ్లో 2020 మార్చి 25 నుంచి మే 31 వరకు ఎవరెవరి పని ఆగిపోయిందో, వారికి ఎవరు ఎంత బాకీ పడ్డారో, ఆ బాకీ ఎంత తీరిందో ఇల్లిల్లూ తిరిగి అడగండి. అప్పు తెచ్చినచోటు, తాకట్టు పెట్టిన వస్తువు, బడి మాని పనిలో చేరిన పిల్ల, ఊరుకాని ఊళ్లో పోయి ఏ పట్టికలోనూ ఎక్కని పేరు, అన్నీ రాసుకోండి. కథ తర్వాత రాయవచ్చు, ముందు ఆ పట్టిక రాయండి. ఇంకొకసారి ఇలాంటి రోజు వస్తే, ప్రాణమా పనా అని ఎవరైనా తక్కెడ తీసుకుని వచ్చినప్పుడు, వారి ముందు పరచడానికి మన దగ్గర ఆ కాగితాలుండాలి.